పాలసీసాలో వేడినీళ్ళు

(తల్లిపాల వారోత్సవాల్లో భాగంగా ఒక మహిళా కళాశాలలో విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనక వరసలో అమ్మాయిలు చెయ్యెత్తండి. సరే.

తల్లిపాల వారోత్సవాల్లో పాలసీసా గురించి, అందులో వేడినీళ్ళు పోస్తే రాలే ప్లాస్టిక్ పొడి గురించి మాట్లాడతానంటే మీ ప్రిన్సిపాల్ గారు కాస్త కంగారు పడ్డారు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఉంటుందేమో మేడం అన్నారు. (నవ్వులు) నిజమే. కానీ లెక్క చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆరు నెలల్లోపు పిల్లల్లో దాదాపు 68 శాతం మంది తల్లిపాలు మాత్రమే తాగుతున్నారు. మిగతావాళ్ళకి నీళ్ళో, ఆవుపాలో, డబ్బాపాలో ఏదో ఒకటి పడుతోంది. అదే సర్వేలో తెలంగాణలో ప్రసవాల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లు, ఆంధ్రలో 42 శాతం. కుట్లతో పక్కకి తిరగలేని తల్లికి మొదటి రెండు మూడు రోజులు ఎంత కష్టమో ఇక్కడున్న చాలామందికి తెలుసు. సీసా ఇంట్లోకి వచ్చేది సాధారణంగా అప్పుడే. వచ్చాక అంత తేలిగ్గా పోదు.

మా ఇంట్లో ఎలా వచ్చిందో చెప్తాను. 2020 జూలైలో మా అమ్మాయికి సిజేరియన్ అయింది. కరోనా రోజులు. పాలు పడటానికి నాలుగు రోజులు పట్టింది. ఆసుపత్రి పేరు ఎందుకులెండి, అక్కడి ఆయమ్మ ఫ్లాస్కులోంచి పొగలు కక్కే నీళ్ళు ప్లాస్టిక్ సీసాలో పోసి, రెండు చెంచాల పొడి వేసి, మూత బిగించి గలగలా ఊపింది. ఉండలు కట్టకూడదమ్మా, గట్టిగా ఊపాలి అని నాకు నేర్పింది. నేను బుద్ధిగా నేర్చుకున్నాను. ఇంటికొచ్చాక మూడు నెలలు రోజుకి ఆరేడుసార్లు అలాగే చేశాను. ముప్పై ఏళ్ళు పాలిమర్ల, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థాల పాఠం చెప్పిన మనిషిని! వేడికి ప్లాస్టిక్ ఏమవుతుందో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినదాన్ని. వంటింట్లోకి వెళ్ళేసరికి ఆ పాఠం నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఆ అక్టోబరులో ఒక పరిశోధన పత్రం వచ్చింది. ఐర్లండ్‌లో డబ్లిన్ నగరంలోని ట్రినిటీ కాలేజీ వాళ్ళది, నేచర్ ఫుడ్ అనే పత్రికలో. జాన్ బోలాండ్, లివెన్ షావ్, జింగ్ జింగ్ వాంగ్ ఆ బృందాన్ని నడిపించినవాళ్ళు. వాళ్ళు చేసిన పనిలో పెద్ద మాయలేమీ లేవు. బజారులో దొరికే పది రకాల పాలసీసాలు తెచ్చారు. అన్నీ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌వి, లేదా పాలు తగిలే భాగాల్లో అది ఉన్నవి. ప్రపంచంలో అమ్ముడయ్యే పాలసీసాల్లో 82 శాతం దాకా ఈ పాలీప్రొపిలీన్‌వేనని వాళ్ళ అంచనా. ఇంటికెళ్ళి మీ సీసా తిరగేసి చూడండి. అడుగున చిన్న త్రికోణం, అందులో 5 అంకె ఉంటే అదే.

ఆ సీసాల్ని తల్లులు చేసినట్టే చేశారు. 95 డిగ్రీల నీళ్ళలో స్టెరిలైజ్ చేశారు, ఆరబెట్టారు, 70 డిగ్రీల నీళ్ళు పోశారు, ఊపారు. చల్లారాక ఆ నీళ్ళని సన్నటి జల్లెడ లాంటి పొరలో వడకట్టి, పొర మీద మిగిలిన రేణువుల్ని రామన్ స్పెక్ట్రోస్కోపీతో ఒక్కొక్కటే గుర్తుపట్టారు. రామన్ అంటే మన సి.వి. రామన్ గారే. 1928లో ఆయన కనిపెట్టిన వెలుగు గుణం ఇవాళ పాలసీసాలో ప్లాస్టిక్ పొడిని పట్టిస్తోంది. ప్రతి పదార్థమూ తన మీద పడ్డ కాంతిని తనదైన తీరులో చెదరగొడుతుంది, వేలిముద్రలాగా. అందుకే అది దుమ్మా, పాలపొడా, పాలీప్రొపిలీనా అన్నది తేల్చిచెప్పగలరు.

ఎన్ని దొరికాయి? ఎక్కువ రాల్చిన సీసాలో లీటరుకి 1 కోటి 62 లక్షల ప్లాస్టిక్ రేణువులు. అన్ని సీసాలూ అంత రాల్చలేదు, సీసాకీ సీసాకీ బాగా తేడా ఉంది. కానీ నాకు ఆ అంకె కన్నా దాని పక్కనున్న ఇంకో అంకె ముఖ్యంగా తోచింది. 25 డిగ్రీల నీళ్ళు, అంటే దాదాపు కుండలో నీళ్ళ చల్లదనం అనుకోండి, అవి పోసినప్పుడు లీటరుకి 6 లక్షలు వచ్చాయి. 95 డిగ్రీల నీళ్ళు పోస్తే 5 కోట్ల 50 లక్షలు. తొంభై రెట్లు పెరిగింది. మధ్యలో మారింది వేడి ఒక్కటే. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతుంది, కాబట్టి ఇది మాత్రం రాసుకోండి.

ఇంకో పరీక్ష కూడా చేశారు. కొత్త సీసా కాబట్టి రాలుతోందేమో, వాడగా వాడగా తగ్గుతుందేమో అన్న అనుమానం మనకీ వస్తుంది కదా. కొత్త చీర రెండు ఉతుకులకి రంగు వదిలేసి ఆగిపోయినట్టు. 21 రోజులు రోజూ అదే పని చేసి చూశారు. ఆగలేదు. తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది, మళ్ళీ తగ్గుతుంది.

(సభలోంచి ఒక విద్యార్థిని: మేడం, పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల దగ్గర కదా కరుగుతుంది? 95కి ఎందుకు రాలుతుంది?)

బాగా అడిగావమ్మా. నీకు పాలిమర్లు చెప్పినవాళ్ళు సంతోషిస్తారు. కరగక్కర్లేదు. సున్నం వేసిన గోడకి ఆనుకుని నిలబడితే చొక్కా తెల్లబడుతుంది. గోడ కూలిందా? లేదు. పై పొర పట్టు తక్కువ, అంతే. పాలీప్రొపిలీన్ లోపల పొడవాటి గొలుసులుంటాయి. కొన్నిచోట్ల అవి మడతపెట్టిన చీరల్లా వరసగా సర్దుకుని ఉంటాయి, కొన్నిచోట్ల విప్పేసిన ఉన్ని ఉండలా చిక్కుపడి ఉంటాయి. వేడి తగిలితే ఆ చిక్కుపడ్డ భాగాలు వదులవుతాయి, కదులుతాయి. రోజుకి ఏడెనిమిదిసార్లు వేడెక్కడం, చల్లబడడం, దానికి తోడు ఊపడం, బ్రష్షుతో తోమడం. పైపొర పెచ్చులూడుతుంది. కంటికి కనపడేంత పెచ్చులు కావు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఈ రేణువుల్లో ఎక్కువ భాగం 20 మైక్రాన్ల లోపువే. వడపోతకి దొరకనంత చిన్నవి, నానో రేణువులు, లీటరుకి లక్షల కోట్లలో ఉన్నాయని కూడా వాళ్ళు రాశారు.

ప్లాస్టిక్ వేడికి లొంగుతుందనడానికి డబ్లిన్ దాకా పోనక్కర్లేదు. వేడి సాంబారు పోసిన టిఫిన్ డబ్బా ఎన్నిసార్లు తోమినా పసుపుపచ్చగానే ఉంటుంది. స్టీలు డబ్బాకి ఆ మరక పడదు. పసుపు లోపలికి దిగిందంటే ఆ పైపొర తలుపులు తెరిచిందనేగా.

ఇప్పుడు మీరు టెన్షన్ పడకుండా ఉండడానికి ఒక లెక్క వేద్దాం. బోర్డు ఉందా? ఉంది, మంచిది. వాళ్ళు 48 దేశాలు, ప్రాంతాలకి అంచనా వేస్తే, ఏడాది లోపు బిడ్డ సగటున రోజుకి 15 లక్షల 80 వేల రేణువులు మింగుతోందని తేలింది. యూరప్, ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియా వైపు 20 లక్షలకి పైనే. ఆసియా, ఆఫ్రికాల్లో తక్కువ, ఎందుకంటే ఇక్కడ తల్లిపాలు ఎక్కువ, సీసా తక్కువ. పదిహేను లక్షలంటే గుండె గుభేల్మంటుంది. పేపర్లన్నీ ఆ అంకె వేసే హడావిడి చేశాయి. సరే, ఒక్కో రేణువు 5 మైక్రాన్ల గుండ్రటి బంతి అనుకుందాం, నా ఊహ ఇది. దాని ఘనపరిమాణం సుమారు 65 ఘన మైక్రాన్లు. పాలీప్రొపిలీన్ సాంద్రత 0.9. గుణించండి... అంతా కలిపితే మిల్లీగ్రాములో పదో వంతు. అంటే ఒకటో రెండో ఉప్పు రేణువుల బరువు. రోజు మొత్తానికి.

అయితే ఏమీ కాదంటారా అని అడుగుతారు. అలా కూడా అనను. పెద్దవాళ్ళు రోజుకి మింగేది వందల్లోనే ఉంటుందని అప్పటిదాకా అంచనాలు ఉండేవి. ఆ పాత లెక్కల్లో ఇంత చిన్న రేణువుల్ని లెక్కపెట్టలేదు కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు. కానీ బరువొక్కటే చూసి కొట్టిపారేయడమూ కుదరదు. చిన్న రేణువుల విషయంలో బరువు కన్నా సంఖ్య, పరిమాణం ముఖ్యం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో మైక్రోప్లాస్టిక్, అంటే ఇలాంటి సన్నటి ప్లాస్టిక్ రేణువుల మీద ఇచ్చిన నివేదికలో, 150 మైక్రాన్ల కన్నా పెద్దవి పేగుగోడ దాటి ఒంట్లోకి వెళ్ళే అవకాశం తక్కువని రాశారు. మరి మన సీసావి అంతకన్నా చాలా చిన్నవి కదా. పుట్టిన బిడ్డ పేగు ఇంకా గట్టిపడని పేగు. ఇవి బిడ్డ ఒంట్లో ఇంత హాని చేస్తాయి అని మనుషుల మీద కొలిచి చెప్పిన అధ్యయనం నాకు తెలిసినంతలో లేదు. హాని లేదని రుజువు చేసిందీ లేదు. సైన్సు అక్కడ ఆగి ఉంది.

బిడ్డకి ప్లాస్టిక్ వచ్చే దారి సీసా ఒక్కటే అనుకోకండి. 2021లో న్యూయార్క్‌లో ఏడాది వయసు పిల్లల మలాన్ని పరీక్షించారు. ఆరుగురు పిల్లలు, పదిమంది పెద్దలు, అంతే, చాలా చిన్న అధ్యయనం. పెట్ అనే ప్లాస్టిక్, అంటే నీళ్ళ బాటిళ్ళది, పాలియెస్టర్ బట్టలదీ, పెద్దవాళ్ళ కన్నా పిల్లల్లో పదిరెట్లకి పైగా ఉంది. పాలసీసా సాధారణంగా పెట్‌తో చెయ్యరు. మరెక్కడిది? పాకే పిల్లలు నేల నాకుతారు, దుప్పటి కొస నములుతారు, బొమ్మ చెవి కొరుకుతారు. ఇటలీలో కాన్పులో బిడ్డతో పాటు వచ్చే మాయలో కూడా ప్లాస్టిక్ రేణువులు దొరికాయి, 34 మంది తల్లుల పాలు పరీక్షిస్తే 26 మంది పాలల్లో దొరికాయి. అది విని ఒక కోడలు నాకు ఫోన్ చేసింది, అయితే పాలివ్వడం మానెయ్యాలా పిన్నీ అని. వద్దమ్మా వద్దు! ఆ అధ్యయనం చేసినవాళ్ళే తల్లిపాలు మానొద్దని చెప్పారు. సీసాలో రాలే లక్షలకీ, తల్లి దగ్గర గ్రాము పాలకి ఒకటో రెండో రేణువులకీ తేడా చూడు అని చెప్పాను.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వస్తున్నాను. ఈ వార్త విన్నాక కొందరు తల్లులు చేసే మొదటి పని ఏమిటో తెలుసా? సీసా మరిగించడం మానేస్తారు. వేడికి ప్లాస్టిక్ రాలుతుందన్నారు కదా, చల్లనీళ్ళతో కడిగేద్దాం అంటారు. గోరుచుట్టుకి భయపడి రోకటిపోటు తెచ్చుకోవడమే ఇది. ప్లాస్టిక్ చేసే హాని ఇంకా కొలుస్తున్నారు. మరిగించని సీసా చేసే హాని కొలవనక్కర్లేదు, ఏ పిల్లల వార్డుకి వెళ్ళినా కనిపిస్తుంది. విరేచనాలు, వాంతులు, సెలైన్ సీసా.

డబ్బాపాల పొడి కూడా సూక్ష్మక్రిములు లేని పదార్థం కాదు. సీలు వేసిన డబ్బాలోనూ క్రోనోబాక్టర్ అనే క్రిమి ఉండొచ్చు. అరుదు, కానీ నెల లోపు బిడ్డకి వస్తే మెదడు దాకా పోవచ్చు. అందుకే 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పొడిని 70 డిగ్రీలకి తగ్గని నీళ్ళలో కలపమని చెప్పింది. అంటే ఒకవైపు క్రిమి చావాలంటే వేడి కావాలి, ఇంకోవైపు ప్లాస్టిక్ రాలకూడదంటే వేడి ఉండకూడదు. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఈ రెండింటినీ ఒకే సీసాలో పెట్టుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. వేడి పని వేరే గిన్నెలో చేస్తే చిక్కే లేదు.

ట్రినిటీ వాళ్ళు చెప్పిన పద్ధతి అదే. మన వంటింటి భాషలో చెప్తాను.

నీళ్ళు స్టీలు గిన్నెలో మరిగించండి, ప్లాస్టిక్ కెటిల్‌లో కాదు. సీసాని ఎప్పటిలాగే స్టెరిలైజ్ చేసి పటకారుతో తీసి పూర్తిగా చల్లారనివ్వండి. ఇప్పుడు ముఖ్యమైన సంగతి. అదే మరిగించి చల్లార్చిన నీళ్ళతో సీసా లోపల మూడుసార్లు తొలిపి పారబొయ్యండి. స్టెరిలైజ్ చేసినప్పుడు రాలిన పొడి చాలామటుకు ఈ తొలుపుడుతో పోతుంది. మనలో చాలామంది సీసా తియ్యగానే ఆ తడితోనే పాలు పోసేస్తాం. నేనూ అంతే. పాలు కలపడం మాత్రం మరిగించిన స్టీలు గ్లాసులో చెయ్యండి. 70 డిగ్రీలంటే థర్మామీటరు అక్కర్లేదు, మరిగిన నీళ్ళు దించి మూతపెట్టి అరగంట లోపు వాడితే చాలు. ఇక్కడ సీసాలో ఊపడం ఉండదు, శుభ్రమైన చెంచాతో కలుపుతారు. ఉండలు కడతాయన్న భయం ఉంటే పొడిని ముందు కొంచెం నీళ్ళలో జారుగా కలుపుకుని తర్వాత మిగతా నీళ్ళు పొయ్యండి, బజ్జీల పిండి కలిపినట్టే. చల్లార్చడానికి ఆ గ్లాసుని చన్నీళ్ళ గిన్నెలో నిలబెట్టండి. ముంజేతి మీద చుక్క వేసుకుంటే వేడీ చల్లనా తెలియకూడదు. అప్పుడు సీసాలో పొయ్యండి. ఆవుపాలు, గేదెపాలు పట్టేవాళ్ళు, ఏడాది దాటిన పిల్లలకి పడుతున్నారనుకుంటున్నాను, వాళ్ళకీ ఇదే. పొయ్యి మీంచి దించిన పాలు నేరుగా సీసాలోకి వంచకండి.

మైక్రోవేవ్ విషయం ఒక్క మాటలో తేల్చేస్తాను. 2023లో అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్ళు పిల్లల ఆహారం దాచే ప్లాస్టిక్ డబ్బాల్ని మూడు నిమిషాలు మైక్రోవేవ్‌లో పెట్టి చూశారు. కొన్నిటిలో చదరపు సెంటీమీటరుకి 42 లక్షల మైక్రో రేణువులు, 211 కోట్ల నానో రేణువులు రాలాయి. వేలిగోరు అంత జాగాలో! ప్లాస్టిక్‌తో సహా పెట్టొద్దు. అంతే.

(సభలోంచి ఒకాయన: మా సీసా మీద బీపీఏ ఫ్రీ అని ఉందండీ. అయితే సేఫే కదా?)

అది వేరే జబ్బుకి రాసిన చీటీ అండీ. పదిహేను, ఇరవయ్యేళ్ళ కిందట పాలసీసాలు గాజులా మెరిసేవి, గుర్తుందా? అవి పాలీకార్బొనేట్‌వి. వాటిలోంచి బిస్ఫినాల్-ఏ, అంటే మీరన్న బీపీఏ, అనే రసాయనం దిగుతోందని తెలిసి యూరప్ 2011లో, అమెరికా 2012లో పాలసీసాల్లో దాన్ని ఆపేశాయి. మన భారతీయ ప్రమాణాల్లో కూడా తర్వాత దాన్ని పక్కనపెట్టారు. ఆ ఖాళీలోకి వచ్చిందే ఈ కాస్త మసకగా ఉండే పాలీప్రొపిలీన్. దాంట్లో బిస్ఫినాల్-ఏ వాడరు, ఆ మాట నిజమే. కానీ పొడి రాలదని ఆ చీటీ చెప్పదు. అది అడగని ప్రశ్నకి జవాబు. అన్నట్టు మన దేశంలో 1992 చట్టం ప్రకారం పాలసీసాలకి ప్రకటనలు ఇవ్వకూడదు. టీవీలో పాలసీసా యాడ్ ఎప్పుడూ ఎందుకు రాదో ఎవరైనా గమనించారా?

(ఇంకొకరు: గాజు సీసా కొనమంటారా?)

కొనగలిగితే కొనండి. బరువు, పగులుతుంది, ధర ఎక్కువ. స్టీలువి కూడా వస్తున్నాయి, కాకపోతే లోపల పాలెన్ని ఉన్నాయో కనపడదు. ఏది కొన్నా పైనుండే పీక సాధారణంగా సిలికాన్‌దే, ఆవిరిలో పదే పదే స్టెరిలైజ్ చేస్తే అదీ రేణువులు వదులుతుందని 2021లో ఇంకో పరిశోధన వచ్చింది. అందుకని పీకని కూడా చల్లారాక తొలపండి, జిగటగా మారినా పగిలినా పారెయ్యండి. ఖర్చు చెయ్యలేనివాళ్ళు బాధపడక్కర్లేదు. గ్లాసులో కలిపి చల్లార్చడానికి పైసా ఖర్చు లేదు.

అసలు సీసానే ఎందుకు? (బల్ల మీది సంచీలోంచి తీసి చూపిస్తూ) ఇదేమిటో ఎంతమందికి తెలుసు? అమ్మమ్మలందరూ నవ్వుతున్నారు. ఉగ్గుగిన్నె. ముక్కు చూడండి, బిడ్డ పెదవి మీద ఆనేలా సాగదీసి ఉంది. ఇది మా అత్తగారిది, వెండిది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఇవాళ మన పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో ఇలాంటి గిన్నెతోనే పాలు పడతారు. తమిళం నుంచి వచ్చిన పాలాడై అనే పేరుతో పిలుస్తారు, స్టీలుది. కడగడం తేలిక, మూలలు ఉండవు, క్రిములు దాక్కోవు, మరిగించినా ఏమీ రాలదు. సీసాకి అలవాటు పడితే రొమ్ము పట్టని పిల్లలుంటారు, దీనికి ఆ గొడవ తక్కువ. బిడ్డని పడుకోబెట్టి గొంతులో కుమ్మరించకూడదు, ఒళ్ళో కాస్త లేపి కూర్చోబెట్టి, గిన్నె పెదవికి తగిలిస్తే బిడ్డే చప్పరిస్తుంది. ఓపిక కావాలి. ఆ ఓపిక అమ్మమ్మలకి, తాతయ్యలకి ఉంటుంది. తాతయ్యలు తల దించుకోకండి. (నవ్వులు)

(ఒక పెద్దావిడ: మా నలుగురు పిల్లలూ ప్లాస్టిక్ సీసాతోనే పెరిగారమ్మా. ఏమైంది వాళ్ళకి? రాళ్ళలా ఉన్నారు.)

చల్లగా ఉండాలి అక్కయ్యా, అందరూ. మా మనవడు కూడా ఆ మూడు నెలలూ నా చేతి మీదుగా ఎన్ని కోట్లు మింగాడో, ఇప్పుడు ఐదేళ్ళు దాటి ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. మా అమ్మాయి నన్నేమీ అనలేదు, నేనూ ఆ ఆయమ్మని ఏమీ అనను, ఆవిడకెవరు చెప్పారు కనక? ఇప్పటికే సీసాతో పెంచిన తల్లులు రాత్రిళ్ళు కూర్చుని లెక్కలు వేసుకోవద్దు. మీ పిల్లలకి ఏదో అయిందని నేను అనడం లేదు. రేపు కలిపే పాలు వేరేలా కలపమంటున్నాను.

(ఒక యువకుడు: మేడం, పగలంటే సరే. రాత్రి రెండింటికి లేచి గ్లాసు, చెంచా, చన్నీళ్ళ గిన్నె... అయ్యే పనేనా?)

పెళ్ళయిందా బాబూ? బిడ్డ వయసెంత? రెండో నెలా. అయితే లేచేది నువ్వేనన్నమాట, సంతోషం. (చప్పట్లు) పడుకునే ముందు సీసాలు మరిగించి, చల్లార్చి, మూడుసార్లు తొలిపి, మూత పెట్టి ఉంచుకో. మరిగిన నీళ్ళు స్టీలు ఫ్లాస్కులో పోసిపెట్టుకో. లోపల ప్లాస్టిక్ ఉన్నది కాదు, స్టీలుది. మంచి ఫ్లాస్కైతే రెండింటి దాకా పొగలు పోవు. మంచం పక్కనే మూతపెట్టిన స్టీలు గ్లాసు, చెంచా. గ్లాసులో కలుపు, చన్నీళ్ళ గిన్నెలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి తిప్పు, సీసాలో పొయ్యి. ముందే పాలు కలిపి పక్కన పెట్టుకోవద్దు, బయట ఉంచితే రెండు గంటల్లో క్రిములు పెరుగుతాయి. బిడ్డ తాగగా మిగిలిన పాలు తెల్లారి పడదామని దాచొద్దు, పారబొయ్యి. మొదటి రెండు రాత్రులు చిరాకేస్తుంది. ఆ మూడు నాలుగు నిమిషాలు బిడ్డ ఏడుస్తుంది కాబట్టి భుజాన వేసుకుని తిరుగు, ఎలాగూ తిరుగుతావు.

ఇంకెవరైనా? సరే. ఆ ఉగ్గుగిన్నె చేతులు మారుతూ వెనక వరస దాకా వెళ్ళినట్టుంది. చూసినవాళ్ళు ముందుకి పంపించండమ్మా.